పెన్నుతో రాసిన చెల్లెలు

తొందరమ్మ మధ్యాహ్నం నుంచీ బల్ల దగ్గర నిలబడి ఒకటే పాట పాడుతోంది.

"ఇది మా ముత్తవ్వ. పక్కనున్నది ముత్తవ్వ చెల్లెలు. ఇద్దరూ ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాళ్ళు."

లైబ్రరీ మేడమీది హాల్లో ఆ రోజు ఊరి చరిత్ర సంఘంవాళ్ళ ఎగ్జిబిషన్. సంఘం అంటే అదేదో పెద్ద ఆఫీసు అనుకునేరు. ఆదివారం ఆదివారం కొందరు పెద్దవాళ్ళు పాత ఫోటోలు ముందేసుకుని కూర్చుంటారు. ఇది ఎవరి ఇల్లు, అది ఏ వీధి అని టీ చల్లారిపోయేదాకా వాదించుకుంటారు. ఈసారి పిల్లలకూ పని పెట్టారు. ఎవరింటి చరిత్ర వాళ్ళు కనుక్కుని, ఫోటోలూ కార్డులూ బల్లమీద పెట్టాలి.

తొందరమ్మకు అసలు పేరు వేరే ఉంది. దాన్ని బడిలో టీచరు తప్ప ఎవరూ వాడరు. పని సగంలో ఉండగానే "అయిపోయిందోచ్!" అని అరిచే పిల్లను ఇంకేమని పిలుస్తారు మరి!

సంఘానికి ఒక నియమం ఉంది. ఖాయంగా తెలిసింది కార్డుమీద పెన్నుతో రాయాలి. ఊహించింది పెన్సిల్‌తో రాయాలి. అది ఎవరు చెప్పారో కూడా కింద రాయాలి. పెన్సిల్ రాత కనబడితే, చూడవచ్చినవాళ్ళు ఆగి తమకు తెలిసింది చెబుతారు. సంఘం అధ్యక్షుడు రిటైరైన పోస్టుమాస్టరుగారు. ఈ సంగతి పిల్లలకు నోరు నొప్పెట్టేలా చెప్పారాయన.

తాతయ్య కూడా చెప్పాడు.

"ఈవిడ మా అమ్మ. ఇది ఆవిడ పనిచేసిన ప్రెస్సులో తీసిన ఫోటో. పక్కనున్నావిడ ఎవరో నాకు తెలీదమ్మా. తెలియదు అనే రాసెయ్."

"తెలియదు అని రాస్తే ఏం బాగుంటుంది తాతయ్యా?"

"బాగుండటానికి రాస్తున్నామా ఏంటి?" అంటూ తాతయ్య కళ్ళజోడు వెతుక్కోవడానికి వెళ్ళాడు.

తొందరమ్మ కార్డు వంక చూసింది. పక్కింటి అబ్బాయి కార్డులన్నీ పెన్నుతో నిండిపోయాయి. ఫోటోలో ఇద్దరూ భుజం భుజం కలిపి నవ్వుతున్నారు. అక్కాచెల్లెళ్ళు కాకపోతే అలా నవ్వుతారా? అంతే. పెన్ను తీసి 'ముత్తవ్వ చెల్లెలు' అని గుండ్రంగా రాసేసింది. ఎవరు చెప్పారు అన్నచోట 'తాతయ్య' అని కూడా పెట్టింది.

ఇప్పుడు ఆ బల్ల ముందు ఒక అవ్వ ఆగింది. పక్కన ఆవిడ కూతురు ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. అవ్వ ఫోటో మీదికి బాగా వంగింది. చాలాసేపటి దాకా లేవలేదు.

"ఇదిగో, ఈవిడ అచ్చం మా అమ్మలాగే ఉందే!" అంది అవ్వ.

కూతురు కార్డు చదివింది. "కాదమ్మా. ఈ పాపవాళ్ళ ముత్తవ్వ చెల్లెలట. పెన్నుతోనే రాశారు. అంటే ఖాయంగా తెలిసిందే."

"అంతేలే," అంది అవ్వ. "ఇల్లు కాలినప్పుడు ఫోటోలన్నీ పోయాయి కదా. అమ్మ మొహం మర్చిపోతున్నాను. ఎవర్ని చూసినా అమ్మలాగే కనిపిస్తోంది నాకు."

ఇద్దరూ మెల్లగా మెట్లవైపు నడిచారు.

తొందరమ్మ తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసింది. తాతయ్య దూరంగా కుర్చీలో కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పోస్టుమాస్టరుగారు ఇంకో బల్ల దగ్గర ఉన్నారు. ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే ఎప్పటికీ తెలియదు కూడా.

కానీ అవ్వ వెళ్ళిపోతోంది. ఆ ఫోటో మళ్ళీ తాతయ్య పెట్టెలోకి పోతుంది. అది తలచుకుంటే తొందరమ్మకు ఏడుపొచ్చింది.

పరుగెత్తుకెళ్ళి మెట్లకు అడ్డంగా నిలబడింది.

"అవ్వా, వెళ్ళకండి! అది అబద్ధం. అంటే... నాకు తెలీదు. తాతయ్యకీ తెలీదు. నేనే ఊరికే రాసేశాను."

పక్కింటి అబ్బాయి నోరు తెరుచుకుని చూశాడు. పోస్టుమాస్టరుగారు వచ్చారు. కార్డు చదివారు, తొందరమ్మను చూశారు. తిడతారనుకుని ఆ పిల్ల తల దించుకుంది. ఆయన తిట్టలేదు. అవ్వకు కుర్చీ వేయించారు.

"మీ అమ్మగారు ఏం చేసేవారండీ?"

"ప్రెస్సులో కాగితాలు కోసేది. అక్కడే ఎడమచేతి చిటికెనవేలు మిషన్‌లో పడి సగం పోయింది."

పోస్టుమాస్టరుగారు జేబులోంచి భూతద్దం తీసి తొందరమ్మ చేతికిచ్చారు. "చూడు. తొందరలేదు."

తొందరమ్మ అద్దం ఫోటోకు దగ్గరగా పెట్టి చూసింది. ముత్తవ్వ భుజం మీద పక్కనున్నావిడ ఎడమచెయ్యి ఉంది. వేళ్ళన్నీ బారుగా ఉన్నాయి. చివరిది మాత్రం సగంలో ఆగిపోయింది. ఇన్ని రోజులు ఆ ఫోటోను చేతిలో పట్టుకుని తిరిగింది కానీ ఈ వేలు ఎన్నడూ చూడలేదు.

"సగమే ఉందవ్వా," అంది.

పోస్టుమాస్టరుగారు, అవ్వ కూతురు కూడా అద్దంలోంచి చూశారు. అవును, సగమే.

అవ్వ ఫోటోను ఒళ్ళో పెట్టుకుని, తడి కళ్ళతోనే నవ్వింది. తొందరమ్మ పాత కార్డు చింపేసింది. కొత్త కార్డుమీద అవ్వవాళ్ళమ్మ పేరు అడిగి అడిగి పెన్నుతో రాసింది. ఎవరు చెప్పారు అన్నచోట 'ఆవిడ కూతురు' అని రాసి, చదివి వినిపించింది.

అవ్వ ఫోటోలో ముత్తవ్వ మీద వేలు పెట్టింది.

"మీ ముత్తవ్వా మా అమ్మా అంత స్నేహంగా ఉండేవాళ్ళా, తల్లీ?"

అవునన్న మాట తొందరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. నవ్వు చూస్తే అలాగే ఉంది మరి. అవ్వ కూడా అదే వినాలని ఆశగా చూస్తోంది.

"నాకు తెలీదవ్వా," అంది తొందరమ్మ. "తాతయ్యకేమైనా గుర్తుందేమో అడుగుదాం, రండి."

ఆ పిల్ల అవ్వ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ తాతయ్య కుర్చీవైపు నడిచారు, అవ్వ ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా.