గీతల్లేని కొండ

ఆదివారం పొద్దున్నే ధనశ్రీకి కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తుంది, అట్టు తిరగేస్తున్న తల్లికి ఏదో చెప్పబోతుంది, చెప్పకుండానే గదిలోకి పరిగెత్తి లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. పైడితల్లి కాసేపు చూసి ఊరుకుంది. ఆ తర్వాత, ఆ పెట్టెలో ఏ నిధి దొరికిందో గాని అట్లు చల్లారిపోతున్నాయని కేకేసింది.

నిజానికి దొరికింది నిధే. ధనశ్రీ పిక్సెల్ బొమ్మలు వేస్తుంది. పాత వీడియో గేముల్లోలాగా చిన్న చిన్న చదరాల్లో ఒక్కొక్కటిగా రంగు నింపుతూ కొండలూ పొలాలూ కట్టుకొస్తుంది. డిగ్రీ చదివి ఈ చదరాలేమిటని తల్లి గొణుగుడు. తండ్రి దేముడు మాత్రం కూతురి వైపే. అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీకి కార్మికుల బస్సు తోలే మనిషి, ఇంటికొచ్చాక కూతురు ఏ బొమ్మ చూపించినా ఆకాశానికెత్తేస్తాడు. కాకి పిల్ల కాకికి ముద్దని పైడితల్లి వెక్కిరించినా లెక్కచెయ్యడు.

హైదరాబాదులో ఒక చిన్న గేముల కంపెనీ ఆమె బొమ్మ చూసి, చెయ్యి బాగుంది గాని గీతలూ నీడలూ రంగులూ సరిదిద్ది సోమవారంలోగా పంపమంది. నచ్చితే ఆ గేములో కొండలూ పొలాలూ అన్నీ ఆమే వెయ్యొచ్చు. ఎలా సరిదిద్దాలో నిన్నటిదాకా అంతుపట్టలేదు. ఈ పొద్దున పట్టింది.

కె. కోటపాడు దారిలో చెరకు తోట, వెనక కొండ, గట్టు మీద తెల్లకొంగ. బొమ్మ ఇంతే. ఇన్నాళ్లూ అందులో ప్రతిదాని చుట్టూ నల్లగీత గీసింది. కొండకి గీత, చెరకుకి గీత, ఆఖరికి మబ్బుకి కూడా గీతే. మబ్బుకి అంచు కుట్టిన మొనగాడు ఎక్కడైనా ఉన్నాడా? నీడ సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగు వైపులా అంచుల్లో నలుపు పూసి కొండని తలగడలా ఉబ్బించింది. ఇప్పుడు సూర్యుణ్ణి తూర్పున నిలబెట్టింది. ఎండ పడే వైపు గీత చెరిపేసింది, నీడ వైపు నలుపు తీసి ఆ రంగులోనే ముదురుది పెట్టింది. పచ్చలో నలుపు కలపడం మానేసి నీడల్ని నీలం వైపు, వెలుగుల్ని పసుపు వైపు జరిపింది. అంతే, కొండ వెనక్కి వెళ్లి కూర్చుంది, చెరకు ముందుకొచ్చి నిలబడింది. తను వేసిన బొమ్మకి తన ఒళ్లే గగుర్పొడిచింది.

అట్టు తింటున్న తండ్రి ముందు లాప్‌టాప్ పెట్టి, పొగడ్త కోసం ఎదురుచూస్తూ నిలబడింది. దేముడు కళ్లు చికిలించాడు. మెడ ముందుకు చాపాడు, వెనక్కి లాగాడు.

"ఏటమ్మా ఇది, అంతా సెరిపేసేవు? కొండేదీ? పాతదే బాగున్నాది కదా."

ధనశ్రీ వేళాకోళం అనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. సూర్యుడూ నీడా అంటూ ఆమె ఎంత చెప్పినా, గీత లేని బొమ్మ బొమ్మే కాదని మొండికేశాడు. ఆమెకి ఉక్రోషం తన్నుకొచ్చింది.

"అంటే ఇన్నాళ్లూ నువ్వు చూడకుండానే బాగుందన్నావా నాన్నా? నేను నిజంగా బాగా వేసిన రోజు నీకు నచ్చలేదా?"

"నీ సదువు నాకు తెలీదులే," అని దేముడు సగం అట్టు వదిలేసి లేచాడు.

మొగుడి మీద నోరు చేసుకుంటున్న కూతుర్ని నాలుగు దులిపేద్దామని పైడితల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంతవరకూ ఏ బొమ్మనీ నిలబడి చూసిన పాపాన పోని మనిషి, తెర ముందు ఆగిపోయింది.

"ఇది మన కోటపాడు దారి కదే. పొద్దుటెండ. అదిగో, గట్టు మీద కొంగ."

ధనశ్రీ ఎగిరి గంతేసింది. తల్లి మెచ్చుకోవడమంటే మాటలా! మరుక్షణం ఆ సంతోషం గుండెల్లోనే గడ్డకట్టింది. అమ్మకి కనిపించినదంతా నాన్నకి ఎందుకు కనిపించలేదు?

"నాన్నా, కొంగ ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

దేముడు చెయ్యి కడుక్కుని వచ్చి వేలు పెట్టాడు. అది మబ్బు మీద పడింది.

పైడితల్లి స్టవ్ కట్టేసింది. అప్పుడు బయటపెట్టాడు ఆయన. కిందటి వానల నుంచీ లోకమంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉందట. గట్టి నలుపూ తెలుపూ అయితేనే పోల్చుకోగలడట.

"మరి బస్సు ఎలా తోలుతున్నావు?" అంది ధనశ్రీ.

"రోడ్డంచున తెల్లగీత ఉంటాది కదమ్మా. దాన్ని పట్టుకుని పోతన్నాను."

"గీత లేని చోట?"

దేముడు తల వంచుకున్నాడు. కళ్ల సంగతి తెలిస్తే సీటులోంచి దింపేస్తారని భయపడ్డాడు. "నీ బొమ్మలు ఓ దారికొచ్చేదాకా లాక్కొద్దామనుకున్నాను," అన్నాడు. తన కోసమే ఇంత ముప్పు మోశాడని తెలిసి ధనశ్రీ భోరుమంది.

"రేపు బస్సు తియ్యకు నాన్నా. ఎక్కేవాళ్లందరికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లున్నారు."

ఆయన వాదించలేదు. తనే సూపర్‌వైజర్ త్రినాథ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతలివాడు చెడామడా తిట్టి, ముందు కళ్లు చూపించుకోమని, బాగయ్యేదాకా బస్సుల షెడ్డులో పనిస్తానని అన్నాడు. ధనశ్రీ కళ్లు తుడుచుకుని, బొమ్మకి మళ్లీ నల్లగీతలు పెట్టబోయింది, కనీసం నాన్న చూడ్డానికి.

"వద్దమ్మా," అన్నాడు దేముడు. "నా కంటి కోసం కొండకి గీత గియ్యకు. ఇలాగే పంపు."

అలాగే పంపింది.

శుక్లాల ఆపరేషన్ అయ్యి కట్టు విప్పిన పొద్దునే కంపెనీ నుంచి కబురొచ్చింది. బొమ్మ నచ్చింది, మిగతావి మొదలుపెట్టమన్నారు. ధనశ్రీ పట్టలేని సంబరంతో ఆసుపత్రి వరండాలో పరుగెత్తుకొచ్చి తండ్రి కళ్ల ముందు ఫోనులో బొమ్మ పెట్టింది. ఆయన చూపు ఫోను దాటి, పక్కన నిలబడ్డ పైడితల్లి మీద ఆగిపోయింది.

"నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?"

"మీరు సూడనప్పుడు," అంది పైడితల్లి, చెంగుతో ముఖం తుడుచుకుంటూ.

ధనశ్రీ ఫోను వెనక్కి తీసుకుంది. బొమ్మ తర్వాత చూస్తాడు.