కంపైలర్ కాపలా తీసిందెవరు?

"పదకొండింటికి రిలీజ్. ఆ లోపల ఆపాలె, పరశురాం," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ యోహాను, హబ్సిగూడ టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ తుంచుతూ. "యూనివర్సిటీ ల్యాబ్‌ల తయారైన లినక్స్ సాఫ్ట్‌వేర్ ఆసుపత్రి మిషన్లన్నిటికి పోతది. అండ్ల విదేశీ ముఠా దొంగదారి పెట్టిందట. ఏడనో తెలవదు."

ఆ మిషన్లలో ఒకదాని మీదే పరశురాం అక్క భాగ్య ఊపిరి పీలుస్తోంది. చెబితే కేసు చేజారుతుందని భయపడి ఆ సంగతి దాచాడు.

యూపీఎస్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కి వెళ్లగానే ప్రొఫెసర్ దయాకర్ చాయ్ తెప్పించాడు. మెకానిక్‌కి ఇంత మర్యాదా? కిటికీ పక్కన నల్ల కళ్లద్దాలతో పద్మశ్రీ! రెండు ఏజెన్సీలకు పనిచేస్తూ, రెండింటికీ అంతుచిక్కని అందగత్తె.

"తార్నాకలో వాన పడిందా?" కోడ్‌వర్డ్ పలికి, గొంతు తగ్గించింది. "కోడ్‌లో వెతక్కండి. అది శుభ్రంగానే ఉంది. కంపైలర్‌ని చూడండి."

తప్పుదారి పట్టిస్తోందా? కానీ మాటలో పస ఉంది. కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే కంపైలర్, పట్టనంత డేటా కుక్కి ఎవరూ చొరబడకుండా ప్రతి ప్రోగ్రాంకూ ఒక కాపలా తగిలిస్తుంది. డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది కదా అని దాన్ని ఎవరూ తనిఖీ చేయరు.

స్క్రూడ్రైవర్ పిడిలోంచి పెన్‌డ్రైవ్ తీసి ల్యాబ్ కంప్యూటర్‌కి గుచ్చాడు. పట్టేదానికన్నా కాస్త ఎక్కువ డేటా కుక్కే చిన్న టెస్ట్ ప్రోగ్రాంను ల్యాబ్ కంపైలర్‌తోనే తయారుచేసి నడిపాడు. కాపలా ఉంటే అది వెంటనే ఆగిపోవాలి. ఆగలేదు. హాయిగా చివరిదాకా నడిచింది. అంటే కాపలాను ఎవరో తీసేశారు.

"యూపీఎస్ ఆడుంటే గీడేం చేస్తున్నవ్ భై?" వెనక దయాకర్.

"ఈ కంపైలర్ మార్చే పాస్‌వర్డ్ మీ ఒక్కరి దగ్గరే ఉన్నది గద సార్?"

దయాకర్ ముఖం పాలిపోయింది. రిలీజ్ బటన్ మీదికి ఎగబడ్డాడు. పరశురాం ఒక్క దూకులో యూపీఎస్ దగ్గరికి చేరి స్విచ్ లాగేశాడు. స్క్రీన్లన్నీ నల్లబడ్డాయి. గోడ గడియారంలో సరిగ్గా పదకొండు.

దయాకర్ చేతులకు బేడీలు పడేలోపే పద్మశ్రీ మాయమైంది.

సాయంత్రం తార్నాక మెట్రో మెట్ల దగ్గర ఫోన్ మోగింది. "కాపలా ఆన్ చేసి మళ్ల తయారు చేస్తున్నరు," అన్నాడు యోహాను. "మీ అక్క సంగతి నాకు ముందే ఎరుక. అందుకే నిన్ను పంపిన. ఇంతకు పద్మశ్రీ మన మనిషేనా?"

"అక్క పాణం కాపాడింది సార్. జన్మల మర్చిపోను," అన్నాడు పరశురాం. "అనుమానం మాత్రం ఆన్‌లనే ఉంచిన."