గుర్రంతో ఒకసారి, ఆవిరితో ఒకసారి

ఆవిరి బండి ఎక్కినవారి మెదడు ఆ వేగానికి చెదిరిపోతుందనీ, బండిలో అన్న మాటకు గాని, దిగిన గంటలోపు అన్న మాటకు గాని విలువ ఉండదనీ 1836 వసంతంలో ఫ్యూర్త్ పట్టణంలో చాలామంది నమ్మేవారు. అలా నమ్మినవారిలో బండి ఎక్కినవారు తక్కువ. బాబెట్ మేనత్త కూనీ ఒక్కసారి కూడా ఎక్కలేదు. అందువల్ల ఆమె నమ్మకానికి ఏ ఢోకా లేదు.

బాబెట్ ప్రతి శుక్రవారం ఎక్కేది. మేనత్త కార్ఖానాలో తయారైన చేతి అద్దాలను ఉదయం పొరుగూరు న్యూరెంబర్గ్ దుకాణాలకు చేర్చి, ఒంటిగంట బండిలో తిరిగివచ్చేది. బొగ్గు ప్రియం కనుక రోజుకు రెండు విడతలే, ఒంటిగంటకూ రెండింటికీ, ఆవిరి యంత్రం లాగేది. మిగిలిన వేళల్లో అవే పెట్టెలను అవే పట్టాల మీద గుర్రాలు లాగేవి.

సెబాల్డ్‌తో తగాదా మొదలైంది ఆ ఒంటిగంట బండిలోనే. అతను న్యూరెంబర్గ్‌లో పెన్సిళ్ళు చేసే పనివాడు. ఫ్యూర్త్ దుకాణానికి తెస్తున్న పెన్సిళ్ళ పెట్టెను తిన్నగా ఆమె బుట్ట మీద పెట్టాడు.

"అయ్యా, అది బల్ల కాదు. అమ్ముడుపోని అద్దాలున్నాయి అందులో!"

"పగిలాయా?"

"పగల్లేదు."

"అయితే గట్టి సరుకే. నాకొకటి ఇవ్వండి."

"దేనికి, మొహం చూసుకోవడానికా? ముందు ఆ మసి కడుక్కోండి."

తరువాతి శుక్రవారం అతను మొహం కడుక్కుని వచ్చాడు. ఆరు శుక్రవారాలు అలా గడిచాయి. ఏడవ శుక్రవారం వాళ్ళ కప్పులేని పెట్టెలో జల్లు పడింది. తన కోటు విప్పి ఆమె బుట్టకు కప్పి, తాను తడుస్తూ, యంత్రం మోతలో గొంతెత్తి అడిగాడు.

"బాబెట్, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమెకు మాట స్పష్టంగానే వినిపించింది. అది నిజం కావాలని ఎంత కోరుకుందో, కాదేమోనని అంత భయపడింది. ఆ భయానికి మేనత్త మాట ఆసరాగా దొరికింది.

"ఇది ఆవిరి మాట. వచ్చే శుక్రవారం మూడు గంటల గుర్రం బండిలో రండి. ఇదే పెట్టె, ఇదే బల్ల. అప్పుడూ ఇదే అడిగితే నమ్ముతాను."

"మూడు గంటలకా?" అతని మొహం పాలిపోయింది. ఇంకేదో అనబోయేంతలో బండి ఫ్యూర్త్ చేరింది, తిరుగు ప్రయాణానికి గంట కొట్టారు.

మరుసటి శుక్రవారం మూడు గంటల బండిలో అతను లేడు. ఆ పైవారమూ లేడు. బాబెట్ బుట్టను ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి ఖాళీ బల్లను చూస్తూ ఇల్లు చేరింది. మిగతా రోజుల్లో ఒంటిగంట దాటి ఆవిరి కూత వినిపించగానే కార్ఖానాలో ఆమె చేతిలోని గుడ్డ అద్దం మీద ఆగిపోయేది.

"ఆవిరి దిగింది, పిల్లవాడూ దిగాడు. నే చెప్పలా?" అంది కూనీ.

"చెప్పావులే అత్తా. రోజూ చెప్పాలా?"

మూడవ శుక్రవారం కూడా బల్ల ఖాళీయే. నాలుగవ శుక్రవారం ఆమె తన పంతాన్ని తానే వదిలి, ఒంటిగంటకే స్టేషనుకు వెళ్ళింది. ఆవిరి మాటైనా సరే, ఇంకొకసారి వినాలనిపించింది.

పెట్టెల ముందు గుర్రం నిలబడి ఉంది. యంత్రం బాయిలరు కడుగుతున్నారట.

పెన్సిళ్ళ పెట్టెతో సెబాల్డ్ పరుగున వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. గుర్రాన్ని చూసి కాలు తీశాడు. గడియారం వైపు చూశాడు. బండిలో కూర్చున్న బాబెట్ తల తిప్పుకుంది. ఆవిరి లేకపోతే బండి ఎక్కడు అన్నమాట.

బల్ల కిర్రుమంది. అతను ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"నాకు ఉన్నది భోజనం గంట ఒక్కటే. ఆవిరి అయితే పోనూ రానూ సరిపోతుంది. గుర్రమైతే పోవడానికే దాదాపు అరగంట. పని వేళకు నా బల్ల దగ్గర లేకపోతే యజమాని ఇక రావద్దంటాడు."

"ఆ ముక్క ముందే చెప్పవచ్చు కదా!"

"ఎవరికి చెప్పను? మీరు మళ్ళీ ఒంటిగంట బండి ఎక్కారా?"

ఆమె బుట్టను ఒళ్ళోకి లాక్కుంది.

"మరి ఇవాళ ఎందుకు ఎక్కారు?"

"మీరు ఎక్కారు కనుక." అతను గుర్రం నడకకు తగ్గట్టు నెమ్మదిగా అడిగాడు. "బాబెట్, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"మెదడు నిలకడగానే ఉందా?"

"ఉంది. నిలకడ లేనిది నా పనికే."

బాబెట్ అతని పెట్టెలోంచి ఒక పెన్సిలు తీసుకుంది. బుట్టలోంచి ఒక అద్దం తీసి, వెనుక అంటించిన కాగితం మీద రాసి అతని చేతికిచ్చింది. "ఆవిరితో అడిగాడు. గుర్రంతో అడిగాడు. మాటల్లో తేడా లేదు. ఒప్పుకున్నాను."

"దిగేటప్పుడు జాగ్రత్త, పగలగొట్టేవు," అంది, మొదటిసారి 'మీరు' మానేసి.

యజమాని తిట్టాడు గాని పనిలోంచి తీయలేదు. సెప్టెంబరులో న్యూరెంబర్గ్‌లో పెళ్ళి జరిగింది. కూనీ మొదటిసారి ఆవిరి బండి ఎక్కి వచ్చి, దిగగానే వధూవరులను ఆశీర్వదించింది. మర్నాడు గుర్రం బండిలో వచ్చి, అవే మాటలతో మళ్ళీ ఆశీర్వదించింది.