నడిమి పొరలో లేని గీత

మార్చి పదకొండు. ఆ మధ్యాహ్నం మాస్టారు తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం నోటికి చేరేలోపు చీఫ్ ఫోన్ చేశాడు.

సాయంత్రం ఆరింటికి ఒక ఊరి అడుగున ఉన్న ఇసుకరాతి పొరలోకి గ్యాస్ పంపింగ్ మొదలవుతుంది, నిల్వ కోసం. ఆ పొరకు కంప్యూటర్ మోడల్ కట్టిన సర్వే ఆఫీసులో, కన్సల్టెంటు పేరుతో విదేశీ ముఠా మనిషి ఒకడు తిష్ఠ వేశాడు. మోడల్లో ఏదో మార్చాడు. ఏం మార్చాడో తెలియదు. అక్కడే పనిచేస్తున్న మన ఏజెంట్ 'నెమలి' వారంగా ఉలుకూ పలుకూ లేదు.

"రుజువు లేందే పంపింగ్ ఆపరు," అన్నాడు చీఫ్. "నెమలి అటు తిరిగిపోయిందని పైవాళ్ల అనుమానం. ఆమెను నమ్మకు."

"చూశాక తేలుస్తాను సార్."

మాస్టారు గూఢచారి కాకముందు పదేళ్లు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పినవాడు. ఆ పేరు అలా వచ్చిందే.

అయిదుంబావుకు ప్రింటర్ మెకానిక్ వేషంలో సర్వే ఆఫీసు మెట్లెక్కాడు. రెండు చేతుల్లో సామాను చూసి ముసలి వాచ్‌మన్ కాలితో తలుపు పట్టి నిలిపాడు. అడక్కుండా దొరికిన సాయం. మాస్టారికి ధైర్యం వచ్చింది.

లోపల నెమలి. నీలం పట్టు స్కార్ఫు, ఎవరినీ లెక్కచేయని చూపు. వెనకే కన్సల్టెంటు.

"కాగితం నలుగుతోందా మేడమ్?" కోడ్ మాట వేశాడు మాస్టారు.

జవాబుగా రావలసిన మాట రాలేదు. "మూడు మ్యాపులు ప్రింటిస్తాను, మీరే చూసుకోండి," అందామె.

పై పొర, నడిమి పొర, కింది పొర. మాస్టారు జేబులోని పెన్ కెమెరా ఒక్కో కాగితాన్నీ చీఫ్‌కి పంపుతోంది. పై మ్యాపులో నల్లటి ఫాల్ట్ గీత. అక్కడ భూమి తెగి, ఒక పక్క నలభై మీటర్లు కిందికి జారింది. కింది మ్యాపులోనూ అదే గీత. గ్యాస్ పోయబోయే నడిమి పొరలో మాత్రం గీత లేదు.

మోడల్లో ఆ గీత ఉంటే, కంప్యూటర్ అటువైపు బోర్లలో పొర తగిలిన లోతుల్ని ఇటువైపు వాటితో కలపదు. తీసేస్తే, నలభై మీటర్ల మెట్టు కాస్తా నున్నటి వాలుగా మారిపోతుంది. ఇంజనీర్లు దాన్ని నమ్మి గ్యాస్ పోస్తారు. అది చీలిక వెంట పైకి పాకి ఊళ్లోకి వస్తుంది.

మూడంతస్తుల ఇంట్లో పైదీ కిందదీ చీలి, నడిమిది చెక్కుచెదరకుండా ఉంటుందా? ఇది ఆ పని తెలిసినవాళ్లెవరూ చేయని తప్పు. కావాలని వదిలినది. కోడ్ మాటకు ఆమె జవాబు ఇదే.

"మెకానిక్‌కి మ్యాపుల్లో అంత ఏం కనబడుతోంది?" కన్సల్టెంటు చేతిలో పిస్టల్.

"నువ్వు చెప్పిన పొరలో గీత తీసేశాను," అంది నెమలి, కీబోర్డు మీద వేళ్లు ఆపకుండా. "మిగతా రెండూ చూసే ఓపిక నీకు లేదు. ఇప్పుడు మళ్లీ పెడుతున్నాను. కాల్చుకుంటావో, కూర్చుంటావో నీ ఇష్టం."

పిస్టల్ ఆమె వైపు తిరిగింది. మాస్టారు టోనర్ డబ్బా మూత పీకి అతని ముఖాన కొట్టాడు. నల్లపొడి మేఘం. గుండు సీలింగ్‌కి తగిలింది. మేఘం తేలేసరికి కన్సల్టెంటు నేల మీద దగ్గుతున్నాడు, పిస్టల్ నెమలి చేతిలో ఉంది. స్క్రీన్ మీద నడిమి పొర మెల్లగా రెండుగా తెగింది.

అయిదూ యాభైతొమ్మిదికి ఫోన్ మోగింది. మ్యాపులే రుజువయ్యాయి, పంపింగ్ మొదలుకాకుండా వాల్వు మూసేశారు.

"ఆమెను నమ్మొద్దన్నాను కదయ్యా," అన్నాడు చీఫ్.

"అన్నారు సార్. వినలేదు. ఆ ఊరివాళ్లు ఈ పూట అన్నం తింటున్నారు."

చీఫ్ నెమలికి రెండు రోజులు సెలవు అన్నాడు. ఆమె నాలుగు అంది.

కన్సల్టెంటును జీపెక్కించాక వాచ్‌మన్ తాళాలతో వచ్చాడు. "ప్రింటర్ బాగైందా బాబూ?"

"దానికేం తాతా, లక్షణంగా ఉంది. ఆ కన్సల్టెంటుగారే కాస్త నల్లబడ్డారు."

ముసలాయన జీపు వంక చూశాడు, నల్లటి నేల వంక చూశాడు. తుడిచే పని రేపటిదనుకుని, దీపం ఆర్పి, తలుపు నెమ్మదిగా మూశాడు.