చివర ఉన్నవారు తలుపు వేయండి

గది గదికీ ఆ మాట అనీ అనీ నా నోరు అరిగిపోయింది. "చివర ఉన్నవారు దయచేసి తలుపు వేయండి." లిబోచవ కోటలో గైడుగా నా పని సగం కథలు చెప్పడం, సగం ఈ మాట అనడం. వెనక తలుపు పడితేగాని ముందు తలుపు తాళం తీయకూడదని మా నియమం. ఒకప్పుడు గుంపు వెనకాలే నడుస్తూ తలుపులు వేయడానికి ఇంకో మనిషి ఉండేది. ఖర్చు దండగని తీసేశారు. మనిషిని ఇవ్వండి మొర్రో అని మా అధికారి షిందెల్క గారి దగ్గర ఎంత నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆయన నవ్వేసేవారు.

"మాట చాలదా బ్లజెన గారూ? జనం మంచివాళ్ళు. ఎవరో ఒకరు వేస్తార్లెండి."

ఎవరో ఒకరు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అది అక్టోబరు ఆఖరి రోజు, ఆఖరి గుంపు. మర్నాటి నుంచి ఏప్రిల్ దాకా కోట మూత. చలికాలానికని గడియారాలు గంట వెనక్కి తిప్పేశాక మా మొరావియా కొండల్లో మధ్యాహ్నం కాఫీ చల్లారేలోపే చీకటి దిగుతుంది. పైగా ఆ రోజు పొగమంచు. గదుల్లో కరెంటు దీపాలు లేవు. సగం కిటికీలకు చెక్క రెక్కలు అప్పుడే బిగించేశారు. నా చేతిలో టార్చి, నడుముకు తాళాల గుత్తి, కాళ్ళలో చలి. ఎవరూ రాకపోతే బాగుండునని, వంటింట్లో రమ్ము కలిపిన టీ తాగి ఇంటికి పోదామని ఆశపడ్డాను. నలుగురు వచ్చారు.

ఇద్దరు బ్ర్నో నగరం నుంచి వచ్చిన కాలేజీ జంట. ఫోను తప్ప వాళ్ళకు మరో ప్రపంచం లేదు. మిగిలిన ఇద్దరు ముసలి దంపతులు. ఆయన పేరు లూబోర్, ఆవిడ హెర్మీనా. ఆయన చేతిలో టూరిజం వాళ్ళు పంచిన పుస్తకం, 'మొరావియాలో తప్పక చూడాల్సినవి'. అందులో ముందు మాత్సోఖ అగాధం, తర్వాత తెల్చ్ చౌరస్తా, పాలవ ద్రాక్షతోటలు. మా కోట ఆఖరి పేజీలో, బీరు తొట్టి స్నానాల ప్రకటన కింద, తపాలా బిళ్ళంత బొమ్మతో. చూసినవాటన్నిటికీ ఆయన పెన్సిలుతో టిక్కులు పెట్టుకున్నారు.

"ఇదొక్కటే మిగిలింది," అన్నారు టికెట్లు నాకిస్తూ. గొంతులో అలసట. "మా ఆవిడ జీవితమంతా కిండర్‌గార్టెన్ పిల్లల్ని ఈ చోట్లకు విహారానికి తీసుకెళ్ళింది. మళ్ళీ చూపిస్తే ఏదైనా గుర్తొస్తుందని డాక్టరు అన్నాడు. వారం నుంచి తిప్పుతున్నాను. గుర్తు రావడం మాట దేవుడెరుగు, నన్ను బస్సు డ్రైవరనుకుంటోంది."

"డ్రైవరు గారూ," అంది హెర్మీనా ఆయన చొక్కా చెయ్యి లాగుతూ, "పిల్లలందరూ దిగారా?"

"దిగారు హెర్మీ. అందరూ దిగారు." ఆయన నావైపు తిరిగారు. "వసంతం నుంచి నా పేరు దాని నోట రాలేదు. ఒక్కసారి... ఒక్కసారి పిలిస్తే చాలు నాకు."

 బూట్ల మీదే తొడుక్కునే దళసరి ఊలు చెప్పులు చూపించాను. చెక్క నేల గీసుకుపోకుండా అందరూ అవి వేసుకోవాల్సిందే. అందరూ తొడుక్కున్నారు. సర్... సర్... అని జారుతూ వేట గదిలోకి నడిచాం.

"చివర ఉన్నవారు దయచేసి తలుపు వేయండి."

తలుపు పడింది. జింక కొమ్ముల గురించి చెప్పాను. భోజనాల గదిలోకి వెళ్ళాం. మళ్ళీ అదే మాట, మళ్ళీ తలుపు పడింది. పింగాణీ పళ్ళేల గురించి చెబుతుంటే కాలేజీ కుర్రాడు ఆవలించాడు. నాకు చిర్రెత్తింది.

"బాబూ, నిద్రొస్తే బయట కారులో పడుకోవచ్చు."

"అయ్యో, లేదు మేడమ్. మీ గొంతు అంత హాయిగా ఉంది," అన్నాడు వెధవ. పక్కనున్న పిల్ల కిసుక్కున నవ్వింది.

పళ్ళు కొరుక్కుంటూ దొరసాని పడకగది తాళం తీశాను. ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. జంట మంచం దగ్గర ఫోటో తీసుకుంటున్నారు. లూబోర్ గారు చలికి చేతులు రుద్దుకుంటున్నారు. హెర్మీనా నిలువుటద్దం ముందు నిలబడి జుట్టు సర్దుకుంటోంది. నలుగురూ నా ముందే ఉన్నారు.

"చివర ఉన్నవారు..." అని అలవాటుగా అన్నాను.

తలుపు పడింది.

గాలి అనుకున్నాను. కానీ మా తలుపులు గాలికి పడవు. హ్యాండిల్ కిందికి నొక్కి, దగ్గరికి లాగి, మళ్ళీ పైకి వదలాలి. నేను టార్చి అటు తిప్పేసరికి ఆ ఇత్తడి హ్యాండిల్ ఇంకా పైకి లేస్తోంది... మెల్లగా, మర్యాదగా.

"ఎవరది? వేళాకోళాలు వద్దని చెప్పానా?" నేను కుర్రాడి మీద విరుచుకుపడ్డాను.

"నేనిక్కడ మంచం పక్కన ఉన్నాను మేడమ్! నన్నంటారేంటి?"

"చివర ఎవరున్నారు మరి?"

"నేను కాదమ్మా," అంది హెర్మీనా అద్దంలోంచే. "నా వెనకాల వస్తున్నాడే, వాడు. పాపం, వాడు నాకన్నా నిదానం."

లూబోర్ గారు తల కొట్టుకున్నారు. "మొదలైంది. హెర్మీ, నీ వెనకాల ఎవరూ లేరు. ఇవాళ పిల్లలు లేరు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"అరవకండి డ్రైవరు గారూ. వాడు భయపడతాడు."

గదిలో వాసన మారింది. తడిసిన ఊలు... అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి. అంతా మాటలు ఆపాం. ఎవరూ కదలడం లేదు. అయినా వినిపించింది.

సర్...

సర్...

ఆగిపోయింది. గుంపు వెనక, గోడ వారగా, టార్చి వెలుతురు అందని చోట. 

"పదండి, పదండి," అన్నాను. చారిత్రక విశేషాలన్నీ గాలికి వదిలేశాను. లైబ్రరీ తెరిచి అందరినీ నెట్టినంత పని చేశాను. ఈసారి ఆ మాట అనలేదు. నలుగురినీ నా కళ్ళతో చూసి, నేనే తలుపు మూసి, లోపలి గడియ పెట్టాను. చెయ్యి ఇంకా హ్యాండిల్ మీదే ఉంది.

అవతలి నుంచి ఎవరో దాన్ని నొక్కారు.

గట్టిగా కాదు. తలుపు వేసి ఉందా లేదా అని చూసేవాళ్ళలా, నెమ్మదిగా. నా చేతి కింద ఇత్తడి దిగుతోంది. మంచులా చల్లగా ఉంది. నేను పైకి పట్టుకున్నాను. అది ఆగింది... వదిలింది... మళ్ళీ దిగింది.

"ఎందుకమ్మా వాణ్ణి బయట పెట్టారు?" హెర్మీనా నా చెవి దగ్గర గుసగుసగా అంది. "చివర ఉన్నవాళ్ళు వేయాలని మీరేగా చెప్పారు. వాడు చక్కగా మాట విన్నాడు కదా."

"ఎవరు విన్నారు? ఎవరున్నారక్కడ?"

"నాకు పేర్లు గుర్తుండవు తల్లీ," అంది సిగ్గుపడుతూ.

లూబోర్ గారు నన్ను కోపంగా చూశారు. "మీరు కూడా దాన్ని ఎగదోస్తారేంటండీ? పాడు కోట. ఇంక చాలు, దారి చూపించండి."

నేను వివరించబోయాను. కుర్రాడు నవ్వుతున్నాడు. ఎవరికి చెప్పుకోను? లైబ్రరీ అవతలి తలుపు తీసి, మెట్ల దగ్గరికి అందరినీ నడిపించాను. అక్కడ పెద్ద కిటికీ ఉంది, ఇంకా కాస్త వెలుతురు ఉంది. జంట ఊలు చెప్పులు పెట్టెలోకి విసిరేసి గబగబా మెట్లు దిగిపోయారు. లూబోర్ గారు వంగి తన ఊలు చెప్పులు విప్పుకున్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

మా వెనక లైబ్రరీ తలుపు పడింది.

ఆయన తల ఎత్తారు. "హెర్మీ?"

ఆవిడ లేదు.

ఆ ముసలాయన ముఖం చూడలేకపోయాను. "ఇప్పుడే... ఇప్పుడే నా పక్కనే ఉంది," అంటూ తలుపు మీద పడ్డారు. హ్యాండిల్ కదలలేదు. తాళం వేసి లేదు, ఆ తలుపుకు లోపల గడియా లేదు. ఎవరో లోపలి నుంచి పట్టుకున్నారంతే. "హెర్మీ! తలుపు తియ్యి! హెర్మీ!" ఆయన పిడికిళ్ళతో బాదారు. "నీకు చూపించాలనే తిప్పానే, పోగొట్టుకోవడానికి కాదే!" నేనూ గొంతు చించుకున్నాను. కింద ఎవరూ పలకలేదు. షిందెల్క గారు ఎప్పుడో ఇంటికి పోయుంటారు.

లోపల ఆవిడ మాట్లాడుతోంది. సన్నగా, ముద్దుగా, పసిపిల్లలతో మాట్లాడినట్టు.

"ఇటు ఇవ్వు కాలు. అబ్బో, ఎంత పెద్ద పాదాలు బంగారూ... ఇంకోటి... భేష్. ఇంక పోదామా?"

హ్యాండిల్ దానంతటదే దిగింది. తలుపు తెరుచుకుంది.

హెర్మీనా నేల మీద మోకరించి ఉంది. పడకగది వైపు గడియ తీసి ఉంది. ఆవిడ ముందు విప్పి పెట్టిన ఒక జత ఊలు చెప్పులు. నలుగురి చెప్పులు కావవి. ఆవిడవి ఇంకా ఆవిడ కాళ్ళకే ఉన్నాయి. ఆ జత నీళ్ళలో నానబెట్టినట్టు తడిసి ఉంది.

లూబోర్ గారు ఆవిడను లేపి గుండెకు హత్తుకుని ఏడ్చేశారు. "ఇంటికి పోదాం. ఏమీ చూడొద్దు ఇంక. ఏమీ వద్దు."

ఆవిడ ఒక చేత్తో ఆయన్ను పట్టుకుని మెట్లు దిగింది. రెండో చెయ్యి గాల్లో ఉంది. పిల్లాణ్ణి నడిపించేవాళ్ళ చెయ్యి కిందికి ఉంటుంది కదా. ఆవిడ చెయ్యి భుజం కన్నా పైకి ఉంది... తనకన్నా బాగా ఎత్తయినవాళ్ళ వేళ్ళు పట్టుకున్నట్టు.

అది చూసి కూడా నేను కాసేపు మెట్ల మీదే నిలబడిపోయాను.  తర్వాత పరిగెత్తాను.

పొగమంచులో వాళ్ళ కారు ఒక్కటే మిగిలింది. ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టి ఆయన ఇంజను వేశారు. నేను కిటికీ మీద కొట్టాను. అద్దం కాస్త దించారు. లోపల ఏదో టింగ్ టింగ్ అని మోగుతోంది.

"మళ్ళీ ఏంటండీ?"

"ఆవిడను దింపండి. మీరూ దిగండి. దయచేసి... నా మాట వినండి."

"ఈ చలిలో ఎక్కడ దింపమంటారు? మతి ఉందా మీకు?" ఆయన డాష్‌బోర్డు మీద అరచేత్తో కొట్టారు. "ఇదొకటి నా ప్రాణానికి! వెనక సీట్లో ఎవరో బెల్టు పెట్టుకోలేదంటోంది. వెనక ఎవరున్నారు, నా మొహం?"

టింగ్. టింగ్. టింగ్.

హెర్మీనా మెడ తిప్పి వెనక్కి చూసింది. "తల వంచుకో బంగారూ, పైన తగులుతోంది. బెల్టు పెట్టుకో."

క్లిక్ మంది.

మోత ఆగిపోయింది.

లూబోర్ గారు వెనక సీటు కనిపించే అద్దంలోకి చూశారు. చాలాసేపు చూశారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన చెయ్యి మెల్లగా తలుపు హ్యాండిల్ మీదకి వెళ్ళింది. దిగండి, దిగండి అని నేను లోలోపలే అనుకుంటున్నాను. 

"లూబోర్," అంది హెర్మీనా.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇంటికి పోదాం లూబోర్. వీడికి నిద్రొస్తోంది."

ఆయన నావైపు తిరిగారు. కళ్ళ నిండా నీళ్ళు. "విన్నారా?" అన్నారు గుసగుసగా. "నా పేరు... నా పేరు పిలిచింది. మీరూ విన్నారుగా?"

"వద్దండీ..."

ఆయన తలుపు మీద నుంచి చెయ్యి తీశారు. కిటికీ అద్దం పైకి లేచింది, కారు కదిలింది. నేను కారు వెంట పడి వెనక అద్దం మీద కొడుతూ టార్చి లోపలికి వేశాను. వెనక సీటు ఖాళీగా ఉంది. బెల్టు మాత్రం సీటుకు చాలా దూరంగా, ముందుకు వచ్చి బిగుసుకుని ఉంది. అది మెల్లగా ఉబ్బుతోంది... మెల్లగా తగ్గుతోంది.