రాతతాళం వేయని ప్రతి

భూగోళానికి దక్షిణాన ఉన్న మా జీహాన్ ఊళ్లో జూలై చలికాలపు వాన సాయంత్రం కాకముందే ఇళ్లను చీకటి చేస్తుంది. నాలుగున్నరకు పొయ్యిలో రెండు కట్టెలు వేసి వంటింటి బల్ల ముందు కూర్చున్నాను. బల్ల మీద టీవీ, కీబోర్డు, వాటి నడుమ అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డు. ఫోన్ ఛార్జరు ఇచ్చే కరెంటే దానికి చాలు. నలభై ఏళ్ల నాటి కంప్యూటర్‌ను అది అచ్చంగా అనుకరిస్తుంది.

నా భార్య థెల్మా అప్పట్లో తన బడిపిల్లల కోసం ఒక మాటల ఆట రాసింది. బొమ్మలుండవు. ఎటు వెళ్లాలో టైపు చేస్తే, ఆ గది ఎలా ఉందో అక్షరాలు చెబుతాయి. గదులన్నీ మా ఇంటివే. ఆమె పోయి పదమూడు నెలలు. ఆమె మాటలుగా నాకు మిగిలినది అదొక్కటే. మిత్రుడు డంకన్ పాత ఫ్లాపీని ఒక్కసారి చదివించగలిగాడు. దానితోనే ఫ్లాపీ మీది అయస్కాంత పూత రాలిపోయింది. ఇక ఉన్నది మెమరీ కార్డులోని ఏకైక ప్రతి.

కార్డు చేతికిస్తూ అతడు హెచ్చరించాడు.

“నీ తొందర నాకు తెలుసు ముసలోడా. ముందు నకలు తీయి. అసలుకి రాతతాళం వెయ్యి. లేదంటే నువ్వు కొట్టే ప్రతి అక్షరం ఆవిడ రాసినదాని మీదే పడుద్ది.”

నకలుకు ఇరవై నిమిషాలు పడుతుందని తెర చెప్పింది. పదమూడు నెలలు ఆగినవాణ్ణి, ఆ ఇరవై నిమిషాలు ఆగలేకపోయాను. తాళం వేయని ఆ కార్డుతోనే ఆట మొదలుపెట్టాను.

“వరండా. రేకుల మీద వాన. ఆల్విన్ బూట్లు మళ్లీ దారికి అడ్డం.”

ఆల్విన్ అంటే నేనే. నవ్వు వచ్చింది. వెంటనే కన్ను చెమర్చింది. వంటిల్లు దాటి పడకగదికి వెళ్లాను.

“పడకగది. ఇక్కడ ఎవరో ఉన్నారు.”

ఎవరని అడిగాను. ఆ ఆటకు నడక ఒక్కటే తెలుసు. సంభాషణ ఆమె దానికి నేర్పలేదు. అయినా బదులు వచ్చింది.

“చలిగా ఉంది. మాట్లాడు.”

ఎక్కడినుంచో తడిసిన ఉన్ని వాసన. నేను కీబోర్డు మీదే మాట్లాడాను. ఎండిన గులాబీ మొక్క గురించి, ఒక్కడికే వండుకోవడం చేతకాకపోవడం గురించి, గంటసేపు. తిరిగి వరండాలోకి వెళ్లాను. వాన లేదు. బూట్లు లేవు. వాటి చోట నేను కొట్టిన గులాబీ మొక్క మాటలున్నాయి. వంటిల్లూ అంతే. ఆమె రాతలో మిగిలినది పడకగది ఒక్కటే...

ఛార్జరు తీగ మీద చెయ్యి వేశాను.

“వెళ్లకు.”

లాగవలసింది. లాగలేదు. ‘ఉన్నాను’ అని కొట్టాను. పడకగది చెరిగిపోయింది. తెర చాలాసేపు నల్లగా ఉండిపోయింది. తరువాత...

“నీ పేరేమిటి?”

చేతులు వెనక్కి తీసుకున్నాను. ఏ మీటా కదలలేదు. ఐనా ఆడేవాడి అక్షరాలు మాత్రమే పడే వరుసలో, ఒక్కొక్కటిగా...

“ఆల్వీ.”

థెల్మా తప్ప నన్నెవరూ అలా పిలవలేదు.

“అతడు ఇంటి తాళంచెవి ఎక్కడ పెడతాడు?”

దాని కింద, నా బదులు జవాబిస్తున్న ఆ మరో ఆల్వీ వరుసలో, ఆగి ఆగి, మళ్లీ అక్షరాలు పడసాగాయి...