హన్మవ్వ కార్డు

పొద్దున్నే బీడీలు చుట్టే తునికాకులు తడిపి గోనెపట్టాలో చుట్టింది హన్మవ్వ. ఎల్లారెడ్డిలో నలభై ఏళ్లుగా ఆమెకు తెల్లవారడమంటే ఇదే. ఇప్పుడు నడుము సహకరించడం లేదు. రెండు నెలలుగా దగ్గు కూడా వదలడం లేదు.

బీడీ కార్మికుల గుర్తింపు కార్డున్న పెద్దవయసు వాళ్లకు కామారెడ్డిలోని కార్మికుల దవాఖానలో ఉచితంగా ఛాతీ ఎక్స్‌రే తీశారు. పోయిన వారం హన్మవ్వ తన కార్డిచ్చి కోడలు రామవ్వను పంపింది.

"రోగమని రాస్తే కార్ఖానాల నా పేరు కొట్టేసి కార్డు గుంజుకుంటరు బిడ్డా. నీది వయసులున్న ఒళ్లు, రోగమేం రాదు. నా పేరు మీద తీయించుకొని రా."

రామవ్వ ఎదురుచెప్పలేదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషికి వాదించే ఓపిక ఎక్కడిది? ఆ రద్దీలో ఎవరూ ఆమె ముఖం చూడలేదు.

ఈ సంగతేమీ తెలియని కొడుకు లింగం ఇవాళ ఫలితం కోసం కామారెడ్డి వెళ్లి, మధ్యాహ్నానికి చీటీతో తిరిగొచ్చాడు.

"అవ్వా, నీకు టీబీ అట. ఊపిరితిత్తుల మీద మచ్చ ఉన్నదట." ఆమె ఒళ్లో ఉన్న మనవరాలిని గబుక్కున లాక్కున్నాడు. "ఇన్నొద్దులు దగ్గుకుంటనే పిల్లనెత్తుకున్నవ్. ముందుగాల్నే దవాఖానకు పో అంటే ఇన్నవా?"

పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పరుగెత్తింది. రామవ్వ రెండడుగులు వెనక్కి వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకేమైందే?" అన్నాడు లింగం.

హన్మవ్వ ఇక ఉండలేకపోయింది. "ఆ మచ్చ నాది గాదురా. రోగముంటే కార్డు పోతదని నేనే నా బదులు రామవ్వను పంపిన."

"కార్డు కోసం నా పెండ్లాన్ని పంపినవా? గిదేం బుద్ధే నీకు!"

"కార్డు ఒక సాకురా. నాకు రోగమని చెప్తరేమోనని భయమైంది."

మర్నాడు మొదటి బస్సుకే అత్తాకోడళ్లు కామారెడ్డి చేరారు. హన్మవ్వ జరిగిందంతా చెప్పి, కార్డు డాక్టరు ముందు పెట్టింది.

"కార్డు గుంజుకోండ్రి సారూ. నా కోడలికి మందులియ్యుండ్రి."

డాక్టరు కళ్లు నులుముకున్నాడు. "ఈ కార్డు మీద ఇంటిల్లిపాదికీ మందులొస్తాయమ్మా. రోగముందని ఎవరి పేరూ కొట్టేయరు. ఒక్కమాట అడిగితే చెప్పేవాళ్లం కదా!"

ఒక్కమాట అడగక హన్మవ్వ ఎంత పని చేసింది!

"మందులు వాడితే నయమవుతుంది. ముందు మీ ఇద్దరి కఫం పరీక్ష చేయాలి. నీకు ఎక్స్‌రే కూడా తీయిస్తాను, లోపలికి నడువు."

చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబడింది హన్మవ్వ. గాలి పీల్చి ఆపమన్నాడు లోపలి మనిషి. ఏడుపు తన్నుకొస్తుంటే ఊపిరి ఆగడం లేదు.

"భయపడకత్తా," అంది తలుపు అవతలి నుంచి రామవ్వ. "నేను ఈడనే ఉన్న. నీకూ రోగముంటే ఇద్దరం కలిసే మందులు మింగుదాం."